ఇంటి చరిత్రని హార్డ్ డిస్క్‌లో దాచడం: ఫైళ్ళతో పాటు వాటి వెనక కథ కూడా పోకుండా

మూడేళ్ళ కిందట మా ఇంట్లో జరిగింది ముందు చెప్తాను, ఎందుకంటే కింద రాసినవాటిలో సగం ఆ దెబ్బ తిన్నాకే నేర్చుకున్నాం. మా నాన్నగారు రిటైరయ్యాక నాలుగేళ్ళు కూర్చుని అటక మీద ట్రంకు పెట్టెలో ఉన్నవన్నీ స్కాన్ చేశారు. ముత్తాత రంగూన్ నుంచి రాసిన కార్డులు, 1942 లో యుద్ధం వచ్చి బర్మా నుంచి నడిచి తిరిగొచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న రెండు ఫోటోలు, శుభలేఖలు, జాతకాలు, పొలం దస్తావేజులు, మా మామ్మ గొంతు రికార్డు చేసిన క్యాసెట్లు. అంతా ఒకే ఒక్క పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లో. సంక్రాంతికి అందరం చేరినప్పుడు మా తమ్ముడు ఆ డిస్క్‌ని తన లాప్‌టాప్‌కి తగిలించాడు, అది వేరే రకం కంప్యూటర్‌లో ఫార్మాట్ చేసినది కావడంతో "వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని మెసేజ్ వచ్చింది, వాడు సరే అని నొక్కేశాడు. అంతే, డిస్క్ ఖాళీ.

ఫోటోరెక్ అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది, దానితో రెండు రోజులు కష్టపడితే ఫైళ్ళు చాలా వరకు తిరిగొచ్చాయి. కానీ పేర్లు రాలేదు. ఆ ప్రోగ్రాం పని చేసే పద్ధతే అంత, డిస్క్ మీద ఫోటో ఆనవాళ్ళు వెతికి పట్టుకుంటుంది, ఆ ఫైల్‌కి మనం పెట్టిన పేరేమిటో, ఏ ఫోల్డర్‌లో ఉండేదో దానికి తెలియదు, తనే వరసగా ఏవో అంకెలు పెట్టేస్తుంది. నాన్నగారు ఎవరు, ఎక్కడ, ఏ సంవత్సరం అన్న వివరాలన్నీ ఫైల్ పేర్లలోనే రాసుకున్నారు. అవన్నీ పోయాయి. ఆ ముఖాలు గుర్తుపట్టి చెప్పగలిగిన మామ్మ అప్పటికే లేరు. ఈ రోజుకీ మా దగ్గర ఆరు వందల పైన ఫోటోలు ఉన్నాయి, అందులో ఉన్నవాళ్ళు మావాళ్ళే, కానీ ఎవరో మాకు తెలియదు.

అందుకే ఇంటి చరిత్ర బ్యాకప్ అంటే నా లెక్కలో రెండు పనులు. ఫైల్ పోకూడదు. ఆ ఫైల్ ఏమిటో చెప్పే మాట కూడా పోకూడదు. మొదటిదానికి డబ్బు, ఒక ఆదివారం చాలు. రెండోదానికి ఇంట్లో పెద్దవాళ్ళు బతికి ఉండాలి, కాబట్టి దాన్ని వాయిదా వేయకండి.

ముందు అన్నీ ఒక చోటికి చేర్చండి

డిస్క్ కొనడానికి పరిగెత్తకముందు, ఏవి ఎక్కడున్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. సాధారణంగా ఇవి చెల్లాచెదురుగా ఉంటాయి: అమ్మ ఫోన్‌లో కొన్ని, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో కొన్ని, గూగుల్ ఫోటోస్‌లో కొన్ని, బాబాయి పాత లాప్‌టాప్‌లో కొన్ని, పెళ్ళి డీవీడీలు బీరువాలో. ఇంట్లో కంప్యూటర్‌లో "ఇంటి చరిత్ర" అని ఒక ఫోల్డర్ చేసి, అన్నిటినీ అందులోకి లాగాలి. ఇక్కడే చాలామంది మోసపోయే చోట్లు నాలుగున్నాయి.

ఒకటి, వాట్సాప్. ఎవరైనా మామూలుగా పంపిన ఫోటో వాట్సాప్ కుదించేసిన నకలు, అసలు ఫోటో కాదు. ఫోటోలో దాగి ఉండే తేదీ, కెమెరా వివరాలు, మీరు లోపల రాసుకున్న క్యాప్షన్, అన్నీ ఊడిపోతాయి. ఇంకో తిరకాసు ఏమిటంటే వాట్సాప్ ఫోటో ఫైల్ పేరులో కనిపించే తేదీ ఆ ఫోటో చేతులు మారిన తేదీయే. 1958 నాటి పెళ్ళి ఫోటో 2019 జనవరి తేదీతో కూర్చుంటుంది, ముప్పై ఏళ్ళ తర్వాత చూసేవాళ్ళు తికమక పడిపోతారు. కాబట్టి స్కాన్ చేసినవాళ్ళని అడిగి అసలు ఫైల్ తెప్పించుకోండి, "పిన్నీ, ఫోటోలాగా కాదు, డాక్యుమెంట్‌గా పంపు" అని చెప్పండి, అలా పంపితే ఫైల్ ఉన్నది ఉన్నట్టు వస్తుంది. అవతల పెద్దవాళ్ళయితే మాత్రం ఫోన్‌లో చెప్పి లాభం లేదు, వెళ్ళినప్పుడు కేబుల్ పెట్టి మీరే తీసుకోవడం మేలు.

రెండు, గూగుల్ డాక్స్. వంశవృక్షం, తాతయ్య జ్ఞాపకాలు లాంటివి డాక్స్‌లో టైపు చేసి పెట్టుకున్నవాళ్ళు చాలామంది. కంప్యూటర్‌లో గూగుల్ డ్రైవ్ ఫోల్డర్ తెరిస్తే అవి ఫైళ్ళలాగే కనిపిస్తాయి, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కూడా అవుతాయి, కానీ ఆ కాపీలో మీరు రాసిన ఒక్క వాక్యం కూడా ఉండదు. అది ఇంటర్నెట్‌లో ఉన్న అసలు కాగితానికి దారి చూపే చీటీ మాత్రమే. ఒక్కోదాన్ని తెరిచి ఫైల్ మెనూలో డౌన్‌లోడ్ నొక్కి వర్డ్‌గా ఒకటి, పీడీఎఫ్‌గా ఒకటి దించుకోవాలి.

మూడు, వన్‌డ్రైవ్, ఐక్లౌడ్ లాంటివి. చోటు మిగల్చడానికి ఇవి అసలు ఫైల్‌ని క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లో ఆ కంపెనీ కంప్యూటర్లలో ఉంచి మీ కంప్యూటర్‌లో బొమ్మ మాత్రమే చూపిస్తాయి. విండోస్‌లో ఫైల్ పక్కన చిన్న మబ్బు గుర్తు ఉంటే అది మీ దగ్గర లేనట్టే. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" నొక్కి, అన్నీ దిగేదాకా ఆగి, తర్వాతే కాపీ చేయండి. ఐఫోన్‌లో "ఆప్టిమైజ్ స్టోరేజ్" ఆన్‌లో ఉంటే ఫోన్‌లో ఉన్నవి చిన్న నకళ్ళు, అసలువి ఐక్లౌడ్ నుంచి దించుకోవాలి.

నాలుగు, గూగుల్ ఫోటోస్. 2021 జూన్ 1 నుంచి ఉచితంగా ఎన్నైనా దాచుకోవడం పోయింది, 15 జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ సర్దుకోవాలి. అంతా ఒకేసారి దించాలంటే గూగుల్ టేక్అవుట్ వాడండి: అన్ని టిక్కులూ తీసేసి ఫోటోస్ ఒక్కటే ఉంచి ఎగుమతి అడిగితే కొన్ని గంటలకో, మర్నాటికో మెయిల్ వస్తుంది. ఆ డౌన్‌లోడ్ లింకు వారం రోజులే ఉంటుంది, చూద్దాంలే అని వదిలేస్తే మళ్ళీ మొదటికి. ఫోటోల పక్కన జేసన్ అని చిన్న చిన్న ఫైళ్ళు కూడా వస్తాయి, చెత్త అనుకుని తీసేయకండి, తేదీలూ మీరు రాసిన వివరాలూ వాటిలో ఉంటాయి.

ఇంకా స్కాన్ చేయనివి ఉంటే

దీని మీద ఎక్కువ రాయను. ఉత్తరాలు, దస్తావేజులు 300 డీపీఐ (స్కానర్ అంగుళానికి ఎన్ని చుక్కలు చదవాలో చెప్పే అంకె), ఫోటోలు 600 డీపీఐ. పాత చిన్న సైజు పాస్‌పోర్ట్ ఫోటోలైతే 1200 పెట్టండి. కార్డు సైజు, అంటే 4 బై 6 అంగుళాల ఫోటో 600 లో కలర్‌లో టిఫ్‌గా (నాణ్యత తగ్గించకుండా దాచే పెద్ద ఫైల్ రకం) తీస్తే సుమారు 26 ఎంబీ, ఏ4 కాగితం 104 ఎంబీ అవుతుంది. చోటు గురించి భయపడకండి, వెయ్యి ఫోటోలు తీసినా 26 జీబీనే. అపురూపమైనవి టిఫ్‌లో, మిగతావి కుదించి దాచే జేపెగ్‌లో, మంచి క్వాలిటీతో ఉంచుకుంటే చాలు. ఫోటో వెనక వైపు కూడా తప్పకుండా స్కాన్ చేయండి, స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో రాసిన తేదీ అక్కడే ఉంటాయి. బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలు అనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. మా ముత్తాత ఫోటో వెనక ఆ మాట చూసేదాకా ఆయన బర్మాలోనే తీయించుకున్నారన్న సంగతి మాకు తెలియదు.

క్యాసెట్లయితే టేప్ రికార్డర్ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కి వైరు పెట్టి ఆడాసిటీ అన్న ఉచిత ప్రోగ్రాంలో రికార్డు చేయండి. వేవ్ ఫార్మాట్‌లో నిమిషానికి 10 ఎంబీ, గంట క్యాసెట్‌కి 600 ఎంబీ పైన. పెళ్ళి డీవీడీలని డిస్క్ మొత్తం ఫోల్డర్‌తో సహా కాపీ చేసేయండి, అవి గీతలు పడి, రంగు మారి ఒక రోజు చప్పుడు చేయకుండా చచ్చిపోతాయి.

పేర్లు పెట్టడం: అసలు పని ఇదే

ఇక్కడ మాత్రం తొందరపడకండి. మేము చేసిన తప్పు వివరాలన్నీ ఫైల్ పేరులోనే పెట్టుకోవడం. ఫైల్ పేరు కావాలి, కానీ అది ఫోటోకి బయట కట్టిన చీటీ లాంటిది. చీటీ ఊడిపోవచ్చు. కాబట్టి అదే మాట ఫోటో లోపల కూడా రాయాలి.

ముందు పేరు. సంవత్సరం మొదట, తర్వాత ఊరు, తర్వాత సందర్భం, చివర నంబరు: "1958_కాకినాడ_పెద్దత్తపెళ్ళి_01" ఇలా. సంవత్సరం ముందుంటే ఫోల్డర్‌లో అన్నీ వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. సంవత్సరం కచ్చితంగా తెలియకపోతే "1960ప్రాంతం" అని రాయండి, ఊహించి ఒక అంకె వేసేయకండి, మీ ఊహ రేపు మీ మనవడికి సత్యమైపోతుంది. తెలుగులో పేర్లు పెట్టొచ్చా అని అడుగుతారు. పెట్టొచ్చు, నిరభ్యంతరంగా. కాకపోతే పొట్టిగా పెట్టండి. కంప్యూటర్‌లో తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది, ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్క, అంటే "క్షి" అన్న ఒక్క అక్షరానికే 12 బైట్లు. కొన్ని సిస్టమ్‌లలో పేరు మొత్తం 255 బైట్లు దాటకూడదు. విండోస్‌లో ఫోల్డర్ లోపల ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టుకుంటూ పోతే దారి మొత్తం 260 అక్షరాలు దాటినప్పుడు కాపీ మధ్యలో ఆగిపోతుంది. కథ అంతా ఫైల్ పేరులో చెప్పకండి, దానికి వేరే చోటుంది.

ఆ చోటు ఎక్కడంటే: విండోస్‌లో జేపెగ్ లేదా టిఫ్ ఫోటో మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్. అక్కడ టైటిల్, కామెంట్స్ అని ఖాళీలు ఉంటాయి, తెలుగులోనే రాయండి, సేవ్ చేయండి. పది ఫోటోలు కలిపి ఎంచుకుని ఒకేసారి ఒకే మాట రాయొచ్చు కూడా. వందల ఫోటోలున్నవాళ్ళు డిజీక్యామ్ అన్న ఉచిత ప్రోగ్రాం పెట్టుకోండి, సెట్టింగ్స్‌లో వివరాలు ఫైల్‌లోనే రాయమని చెప్పండి, లేకపోతే దాని సొంత జాబితాలో మాత్రమే ఉంచుకుంటుంది. ఇలా లోపల రాసిన మాట ఫోటోలో భాగం. మా డిస్క్‌కి జరిగినట్టు జరిగి పేరంతా పోయినా, వెనక్కి తీసిన ఫైల్‌లో ఆ మాట అలాగే ఉంటుంది. నాన్నగారు ఒక్క ముప్పై ఫోటోలకి ఎందుకో ఇలా రాశారు, ఆ ముప్పై మాత్రమే అప్పుడు పేర్లతో మిగిలాయి.

ఏం రాయాలి? ఇక్కడ మన ఇళ్ళల్లో వచ్చే చిక్కులు వేరు. "మామ్మ, నాన్న, చిన్నత్త" అని రాస్తే మీకు అర్థమవుతుంది, మీ అమ్మాయికి ఆ మామ్మ ఎవరి మామ్మో తెలియదు. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, బ్రాకెట్‌లో పుట్టిన సంవత్సరం. తాత పేరు మనవడికి పెట్టడం మన అలవాటు కదా, ఒకే ఇంట్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరుతో ముగ్గురుంటారు, వాళ్ళని విడదీసేది పుట్టిన సంవత్సరమే. ఆడవాళ్ళకి పుట్టింటి పేరు, అత్తింటి పేరు రెండూ రాయండి. పెళ్ళికి ముందు ఫోటోలో ఒక పేరు, తర్వాత ఫోటోలో ఇంకో పేరు ఉంటే ఇద్దరు మనుషులనుకుంటారు. గ్రూపు ఫోటో అయితే "ఎడమ నుంచి కుడికి, వెనక వరస" అని మొదలుపెట్టి చెప్పండి.

తేదీల సంగతి. పాత పుస్తకాల్లో, తాటాకు జాతకాల్లో "క్రోధి నామ సంవత్సర కార్తీక శుద్ధ పంచమి" అని ఉంటుంది. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగొస్తుంది, క్రోధి అంటే 1904-05 కావచ్చు, 1964-65 కావచ్చు, మొన్నటి 2024-25 కావచ్చు. ఉన్న మాట ఉన్నట్టు రాసి, పక్కన మీరు ఏ ఇంగ్లీషు సంవత్సరం అనుకుంటున్నారో, ఎందుకు అనుకుంటున్నారో ఒక్క వాక్యం రాయండి. "అప్పటికి పెద్దన్నయ్య పుట్టాడని మామ్మ చెప్పింది" అన్నది చాలు.

పెద్దవాళ్ళని కూర్చోబెట్టి ఫోటోలు చూపిస్తూ ఫోన్‌లో వాళ్ళ గొంతు రికార్డు చేయడం నేను చూసినవాటిలో అన్నిటికంటే తేలికైన దారి. మీరు "ఇది 37 వ ఫోటో" అని పైకి చెప్పండి, వాళ్ళు చెప్పుకుంటూ పోతారు, తర్వాత తీరిగ్గా విని రాసుకోవచ్చు. ఒక్క కూర్చోవడంలో నలభై, యాభై కంటే చూపించకండి, అలసిపోతారు, గుర్తు రానందుకు వాళ్ళు బాధపడతారు కూడా. ఆ రికార్డింగ్ కూడా బ్యాకప్‌లోకే వెళ్ళాలి, వివరాల కోసం చేసినా చివరికి ఆ గొంతే విలువైనదవుతుంది.

రేపు తెరుచుకోని ఫైళ్ళు

డిస్క్ బాగుంటుంది, ఫైల్ బాగుంటుంది, కానీ తెరిస్తే పిచ్చి గీతలు. తెలుగువాళ్ళకి ఇది మరీ ఎక్కువ. 2000 ల్లో డీటీపీ సెంటర్‌లో వంశవృక్షం టైపు చేయించినవాళ్ళకి అది పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉండి ఉంటుంది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001 లో, ఆ తర్వాత పెద్ద వెర్షన్ ఏదీ రాలేదు. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడి అక్షరాల పద్ధతి) కావు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల గందరగోళంలా కనిపిస్తుంది. ఇంకా ఆ సాఫ్ట్‌వేర్ వాడుతున్న ప్రింటింగ్ ప్రెస్‌లు మన ఊళ్ళల్లో ఉన్నాయి, ఉన్నప్పుడే వెళ్ళి దాన్ని పీడీఎఫ్ చేయించుకోండి. తర్వాత అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి, మార్చాక పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ఒత్తులు, పేర్లు ఒక్కోటీ సరిచూడండి. ఇంటిపేర్లలో ఒక ఒత్తు పోయినా వేరే ఇంటివాళ్ళయిపోతారు. పాత ఫైల్‌ని కూడా పారేయకండి, మూడూ ఒకే ఫోల్డర్‌లో ఉంచండి.

వంశవృక్షం ఏదైనా సాఫ్ట్‌వేర్‌లోనో సైట్‌లోనో కట్టుకున్నారా, అయితే జెడ్‌కామ్ అన్న ఫార్మాట్‌లో ఎగుమతి చేసుకోండి. ఇది దాదాపు అన్ని వంశవృక్షం ప్రోగ్రాములూ చదవగలిగే ఉమ్మడి భాష. ఎగుమతి చేసేటప్పుడు అక్షరాల ఎన్‌కోడింగ్ అడిగితే యూటీఎఫ్-8 ఎంచుకోండి, వేరేది పెడితే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోవచ్చు. కానీ జెడ్‌కామ్ మామూలు ఫైల్‌లో ఫోటోలు ఉండవు, ఫోటో ఎక్కడుందో దారి మాత్రమే ఉంటుంది, కాబట్టి ఫోటోల ఫోల్డర్ విడిగా కాపీ చేయాల్సిందే. ఉచితంగా దొరికే గ్రాంప్స్ అన్న వంశవృక్షం ప్రోగ్రాం వాడేవాళ్ళు ఫ్యామిలీ ట్రీస్ మెనూలో మేక్ బ్యాకప్ నొక్కి, మీడియా కలపమని ఎంచుకుంటే ఫోటోలతో సహా ఒకే మూట కడుతుంది. దానితో పాటు జెడ్‌కామ్ ఒకటి, చెట్టు బొమ్మ పీడీఎఫ్ ఒకటి తీసి పెట్టండి. పీడీఎఫ్ ఎందుకంటే ఏ ప్రోగ్రామూ లేని మీ మేనల్లుడు కూడా ఫోన్‌లో తెరిచి చూడగలగాలి.

చివరగా ఆ పెద్ద ఫోల్డర్ మొదట్లో "ముందు ఇది చదవండి" అని ఒక మామూలు నోట్‌ప్యాడ్ ఫైల్ పెట్టండి. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ ఫోల్డర్‌లో ఏముంది, ఏవి ఇంకా మిగిలాయి, అసలు కాగితాలు ఎవరి ఇంట్లో ఉన్నాయి. అరగంట పని. మీరు లేని రోజున ఆ డిస్క్ తెరిచేవాళ్ళకి మీరు పక్కన కూర్చుని చెప్తున్నట్టు ఉంటుంది.

ఏ డిస్క్ కొనాలి

నా సలహా సూటిగా: 1 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లు రెండు, వీలైతే వేరు వేరు కంపెనీలవి, వేరు వేరు సమయాల్లో కొన్నవి. పెన్‌డ్రైవ్ మోసుకెళ్ళడానికే కానీ దాచడానికి కాదు. పెన్‌డ్రైవ్, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగం లేని, చిప్‌లతో చేసిన డిస్క్) రెండూ విద్యుత్ ఆవేశం రూపంలో సమాచారం దాచుకుంటాయి, ఏళ్ళ తరబడి కరెంటు తగలకుండా బీరువాలో పడుంటే ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది, వేడి ఎక్కువైతే ఇంకా త్వరగా. మన వేసవి సంగతి తెలిసిందే. హార్డ్ డిస్క్‌కి ఆ భయం తక్కువ, కానీ కింద పడితే అయిపోయినట్టే, ముఖ్యంగా తిరుగుతున్నప్పుడు. ఎస్ఎస్‌డీ కొన్నా తప్పులేదు, ఆరు నెలలకోసారి తగిలించి ఫైళ్ళు తెరిచి చూస్తుండాలి.

ఆన్‌లైన్‌లో 2 టీబీ పెన్‌డ్రైవ్ ఐదారు వందలకే అని కనిపిస్తే దాని జోలికి పోకండి. లోపల ఉండేది కొద్ది జీబీలే, కంప్యూటర్‌కి 2 టీబీ అని అబద్ధం చెప్పేలా మార్చి అమ్ముతారు, నిండాక కాపీ అయినట్టే చూపిస్తూ ఫైళ్ళు గాల్లో కలిపేస్తుంది. ఏది కొన్నా మొదట హెచ్2టెస్ట్‌డబ్ల్యు అన్న చిన్న ఉచిత ప్రోగ్రాంతో మొత్తం నింపి పరీక్షించండి. 1 టీబీ డిస్క్ విండోస్‌లో 931 జీబీ అని చూపిస్తుంది, దాన్ని చూసి మాత్రం టెన్షన్ పడకండి, కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024 తో లెక్కేస్తుంది, అంతే తేడా.

ఫార్మాట్ విషయం మా ఇంటి కథకి మూలం కాబట్టి జాగ్రత్తగా వినండి. ఇంట్లో అందరివీ విండోసే అయితే ఎన్‌టీఎఫ్ఎస్ ఉంచండి, అది గట్టిది. ఎవరి దగ్గరైనా మ్యాక్ ఉంటే ఎక్స్‌ఫ్యాట్ పెట్టండి, రెండింటిలోనూ చదవచ్చు, రాయచ్చు. ఎన్‌టీఎఫ్ఎస్ డిస్క్‌ని మ్యాక్ చదువుతుంది కానీ మామూలుగా దాని మీద రాయనివ్వదు, మ్యాక్ సొంత ఫార్మాట్‌ని విండోస్ గుర్తించనే గుర్తించదు. ఫ్యాట్32 వద్దు, అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ మించకూడదు, పెళ్ళి వీడియో దగ్గరే ఆగిపోతుంది. ఫార్మాట్ చేసేది డిస్క్ కొత్తగా ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కసారే. ఆ తర్వాత ఏ కంప్యూటర్ ఎప్పుడు "ఫార్మాట్ చేయమంటారా" అని అడిగినా క్యాన్సిల్ నొక్కి, డిస్క్ తీసి, వేరే కంప్యూటర్‌లో చూడండి. ఈ వాక్యం ఒక కాగితం మీద రాసి డిస్క్‌కి అంటించాను నేను. పొరపాటున ఫార్మాట్ అయిపోతే దాని మీద ఇంకేమీ రాయకండి, ఒక్క ఫైల్ కూడా, అలాగే పక్కన పెట్టి తెలిసినవాళ్ళకి చూపించండి.

కాపీ చేయడం, సరిచూడడం

కంప్యూటర్‌లో వైరస్ స్కాన్ ఒకటి చేసి మొదలుపెట్టండి. నీలం రంగు యూఎస్‌బీ పోర్టు ఉంటే అందులో పెట్టండి, పాత పోర్టులో 100 జీబీకి గంట దాకా పడుతుంది, చిన్న చిన్న ఫైళ్ళు వేలల్లో ఉంటే ఇంకా ఎక్కువ. లాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి, స్లీప్‌లోకి వెళ్ళకుండా సెట్ చేయండి. కాపీ, పేస్ట్ చేయండి, కట్, పేస్ట్ ఎప్పుడూ వద్దు, మధ్యలో కరెంటు పోతే ఒక్కోసారి ఇక్కడా ఉండకపోవచ్చు, అక్కడా ఉండకపోవచ్చు.

నేనైతే మామూలు కాపీ బదులు టెరాకాపీ అన్న ప్రోగ్రాం వాడతాను, వెరిఫై టిక్ పెడితే కాపీ అయ్యాక ప్రతి ఫైల్‌నీ అసలుదానితో పోల్చి, తేడా ఉంటే చెప్తుంది. మ్యాక్‌లో అయినా విండోస్‌లో అయినా ఫ్రీఫైల్‌సింక్‌లో "కంటెంట్" ప్రకారం పోల్చమంటే అదే పని చేస్తుంది. ఇదే ప్రోగ్రాంలో మిర్రర్ అన్న పద్ధతి ఉంటుంది, దానితో జాగ్రత్త, కంప్యూటర్‌లో మీరు పొరపాటున తీసేసిన ఫైల్‌ని డిస్క్‌లో కూడా తీసేస్తుంది. ఇంటి చరిత్రకి అప్‌డేట్ పద్ధతి పెట్టుకోండి, కొత్తవి కలుపుతుంది, ఉన్నవాటిని తీసేయదు.

అయిపోయాక ఎజెక్ట్ చేసి, ఆ డిస్క్‌ని ఇంకో కంప్యూటర్‌కి తగిలించండి. ఫైళ్ళ సంఖ్య, మొత్తం సైజు రెండు చోట్లా ఒకటేనా చూడండి. తర్వాత ఒక్కో ఫోల్డర్ నుంచి రెండు మూడు తెరవండి: ఒక టిఫ్, ఒక పీడీఎఫ్, ఒక వీడియో మధ్యలోకి జరిపి, ఒక క్యాసెట్ చివరి నిమిషం. ఫోటో డీటెయిల్స్‌లో మీరు రాసిన తెలుగు అలాగే ఉందా? ఉంటే బ్యాకప్ అయినట్టు. డిస్క్ తీసేయండి. ఎప్పుడూ తగిలించే ఉంచే డిస్క్ బ్యాకప్ కాదు, కంప్యూటర్‌కి రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) తగిలితే దానికీ తగులుతుంది. నెట్ సెంటర్లో, జెరాక్స్ షాపులో ప్రింట్ కోసం ఈ డిస్క్ ఎప్పుడూ ఇవ్వకండి, ఒకసారి అలా ఇచ్చి షార్ట్‌కట్ వైరస్ ఎక్కించుకుని వచ్చాను, ఫోల్డర్లన్నీ మాయమై వాటి చోట షార్ట్‌కట్లు కనిపించాయి. ప్రింట్‌కి కావలసిన ఒక్క ఫైల్ వేరే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళండి.

దస్తావేజుల విషయంలో

పాస్‌వర్డ్ పెట్టాలా అంటే, ఫోటోలకీ వంశవృక్షానికీ వద్దంటాను. తాళం మరిచిపోతే దొంగకే కాదు, మీ పిల్లలకీ తలుపు మూసుకుపోతుంది. కానీ ఆధార్, పాన్, పాస్‌బుక్కులు, పొలం కాగితాలు ఉంటే వాటిని విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టి 7-జిప్ అన్న ప్రోగ్రాంతో పాస్‌వర్డ్ వేసి మూట కట్టండి, ఫైల్ పేర్లు కూడా దాచమన్న టిక్ పెట్టండి. ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి కవర్‌లో పెట్టి ఇంట్లో ఇద్దరికి ఎక్కడుందో చెప్పండి. డిస్క్ పెట్టెలోనే పెట్టకండి.

రెండో డిస్క్ వేరే ఊళ్ళో

మూడు నకళ్ళు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఇంటి బయట, అన్నది ఈ పని చేసేవాళ్ళందరూ చెప్పే లెక్క. మన దగ్గర చివరిది అన్నిటికంటే ముఖ్యం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చినప్పుడు, ఒకే బీరువాలో పక్కపక్కన ఉన్న రెండు డిస్క్‌లు ఒకే రోజు తడుస్తాయి. కాబట్టి రెండోది వేరే ఊళ్ళో ఉండాలి. మాది విశాఖలో ఒకటి, హైదరాబాద్‌లో మేనత్త ఇంట్లో ఒకటి. విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గర మూడోది ఉంటే ఇంకా మంచిది, కానీ మొదటి రెండూ తేలిగ్గా చేతికందే చోట ఉండాలి. ఇంటర్నెట్‌లో ఒక నకలు ఉంటే అది రెండో రకం పరికరం లెక్కకి వస్తుంది.

దాచేటప్పుడు జిప్ కవర్‌లో, ఒకటి రెండు సిలికా జెల్ పొట్లాలతో, గాలి తగిలే బీరువా అరలో, నేల మీద కాకుండా పై అరలో పెట్టండి. కేబుల్ కూడా కలిపి పెట్టండి. ఐదేళ్ళ తర్వాత ఆ తలకి సరిపోయే కేబుల్ వెతకడం ఒక ప్రహసనం. కవర్ మీద లేబుల్: "ఇంటి చరిత్ర, నకలు 2, చివరిసారి సరిచూసినది 2026 జనవరి, ఫార్మాట్ ఎక్స్‌ఫ్యాట్, ఫార్మాట్ చేయమంటే క్యాన్సిల్ నొక్కండి."

తేదీ ఎందుకంటే, మేము ఏటా సంక్రాంతికి దీన్ని మారుస్తాం. భోగి రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక నా డిస్క్‌లో ఆ సంవత్సరం కొత్తగా చేరినవి కలిపి, సరిచూసి మేనత్తకి ఇస్తాను, ఆవిడ తెచ్చినది నేను తీసుకుని దానిలోకి కూడా అవే ఎక్కిస్తాను. అలా రెండూ ఏడాదికొకసారైనా తిరుగుతాయి, ఏదైనా గరగరమని చప్పుడు చేసినా, కాపీ మరీ నెమ్మదించినా అప్పుడే తెలిసిపోతుంది. అలా అనిపించిన డిస్క్‌ని ఇక నమ్మకండి, ఆ రోజే కొత్తది కొని మంచి నకలు నుంచి ఎక్కించండి. ఏ లోపం లేకపోయినా ఐదేళ్ళు దాటితే మార్చేయడం మంచిది. అందరూ ఒకే చోట ఉంటారు కాబట్టి పేరు తెలియని ఫోటోలు టీవీలో పెట్టి చూపిస్తున్నాం. పోయిన పండక్కి మా నాన్నగారి మేనమామ, ఎనభై ఆరేళ్ళాయన, చక్రాల కుర్చీలో టీవీకి దగ్గరగా జరిగి, ఆ ఆరు వందల్లో పదకొండు ఫోటోలకి పేర్లు చెప్పారు. ఆ సాయంత్రమే వాటిని ఫోటోల లోపల రాసి, రెండు డిస్క్‌లలోకీ ఎక్కించాను.